నాలుగు రోజుల పిల్లలు బతికాయి, 36 రోజుల కోళ్లు పోయాయి. ఒకే ఎండకి ఇంత తేడా ఎందుకు?

షెడ్డు_సిద్దిపేట

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక పట్టి చదవండి.

మాది సిద్దిపేట దగ్గర ఊరు. ఐదు వేల బ్రాయిలర్ కోళ్ల షెడ్డు ఉంది. పిల్లలూ దాణా కంపెనీ వాళ్లవి, పెంచి అప్పజెప్పడం మా పని. పోయిన మే మూడో వారంలో బ్యాచ్‌కి 36వ రోజు, సగటు బరువు రెండు కిలోలు దాటింది, ఇంకో రెండు రోజుల్లో లిఫ్టింగ్, అంటే కంపెనీ వాళ్లు వచ్చి కోళ్లని ఎత్తుకెళ్లడం. ఆ రోజు మధ్యాహ్నం బయట 43. రెండున్నరకి కరెంటు పోయింది, జనరేటర్ మొరాయించి అది ఎక్కేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఐదింటికి లెక్కపెడితే 412 పోయాయి. నోళ్లు తెరుచుకుని, రెక్కలు పక్కకి వదిలేసి, మెడ నేల మీదికి చాపేసి... ఒక్కోదాన్ని ఎత్తి సంచిలో వేస్తుంటే చచ్చిన కోడి కూడా చేతికి చుర్రుమంటోంది.

నాకు అంతుపట్టనివి రెండున్నాయి. పోయినవి దాదాపు అన్నీ బాగా ఎదిగినవే. మూలన నక్కి తిరిగే బక్కవి, లిఫ్టింగ్ రోజున ఎలాగూ ఏరి పక్కన పడేసేవి, అవేమో నిక్షేపంగా ఉన్నాయి. ఇంకోటి, మా బావమరిది షెడ్డు రోడ్డుకి అవతల, అతని దగ్గర అప్పుడు నాలుగు రోజుల పిల్లలు. అదే ఎండ, అదే కరెంటు కోత. అతని పిల్లలు గార్డు (పిల్లల చుట్టూ కట్టే కంచె) అంచులకి జరిగి ఒళ్లు విరిచేసి పడుకున్నాయి తప్ప ఒక్కటీ పోలేదు. పైగా మర్నాడు తెల్లవారుజామున 28కి దిగితే చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుకీచుమంటున్నాయని లేచి బల్బులు వేశాడట! అదే టైముకి నేను గుంత తవ్వించి, చచ్చినవి పూడ్చి సున్నం చల్లిస్తున్నా.

మనుషులకైతే చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఎండలో జాగ్రత్త అంటారు కదా, కోళ్లకి ఉల్టా ఎందుకైంది? గేదెలకి, చేపలకి, పురుగులకి కూడా ఇలాగే పెద్దవే ముందు పోతాయా? ఏటేటా ఎండలు ముదురుతున్నాయి అంటున్నారు, ఆ ముదిరిన ఎండ ముందుగా ఏ వయసు మీద పడుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి, ఈసారి మే బ్యాచ్ వేయాలా వద్దా అని మస్తు టెన్షన్‌లో ఉన్నా.


పశువైద్యం_కరీంనగర్

తమ్ముడూ, 412 అంటే మాటలు కాదు. నేను పశువైద్యుడిని, మే నెల వచ్చిందంటే మధ్యాహ్నం నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాంటివే.

ముందు పిల్లల సంగతి. గరిటెలోకి తీసిన పప్పుచారు నిమిషంలో చల్లారిపోతుంది, గుండిగలో ఉన్నది గంటైనా కాలుతూనే ఉంటుంది. అదే లెక్క. నలభై గ్రాముల పిల్లకి ఒంటి బరువుతో పోలిస్తే చర్మం చాలా ఎక్కువ, లోపల పుట్టే వేడి తక్కువ, ఒంటి మీద ఉన్నది నూగు మాత్రమే, ఈకలు కావు. తన ఒంటి వేడిని తానే నిలబెట్టుకునే యంత్రాంగం దానికి రెండు మూడు వారాలకి గానీ కుదురుకోదు. అందుకే మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీలు ఇస్తాం, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ వస్తాం. నాలుగైదు వారాలకి దానికి హాయిగా ఉండేది 21 నుంచి 24. అంటే కోడి పెరిగే కొద్దీ దానికి కావలసిన వేడి కిందకి దిగుతుంటుంది, మన మే నెల మాత్రం దిగదు. షెడ్డు లోపల 38 ఉందనుకుందాం, మీ బావమరిది పిల్లలకి అది కావలసినదాని మీద మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ. మీ కోళ్లకి పదిహేను ఎక్కువ. (పిల్లలకి ఎండ అసలు తగలదని కాదు, 40 దాటి నీళ్లు అందకపోతే అవీ పోతాయి.)

ఇక పెద్దవి. కోడికి చెమట పట్టదు, ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీలు, అంటే పైకి జరగడానికి ఉన్న చోటు చాలా తక్కువ. రెండు కిలోల బ్రాయిలర్ సుమారు 10 వాట్ల వేడి పుట్టిస్తుంది. ఐదు వేలు అంటే 50 వేల వాట్లు. వెయ్యి వాట్ల హీటర్లు యాభై పెట్టి ఫ్యాన్లు ఆపేస్తే ఆ షెడ్డు ఏమవుతుందో మీరే ఊహించుకోండి, ఆ ఇరవై నిమిషాల్లో జరిగింది అదే. దానికి మిగిలిన దారి ఒక్కటే, ఆయాసపడడం. నిమిషానికి పాతిక ముప్పై సార్లు ఊపిరి తీసేది నూట యాభై దాటిస్తుంది. నోటి తడి ఆవిరై కొంచెం చల్లబడుతుంది, కానీ అన్నిసార్లు ఊపిరి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి రక్తం క్షారం వైపు జరిగిపోతుంది, ఆ ఆయాసపు కండరాలు పనిచేయడానికి ఇంకొంచెం వేడి పుడుతుంది. షెడ్డులో గాలి ఆగి తేమ నిండితే ఆ ఆవిరి కూడా అవ్వదు.

మనుషులతో పోల్చారు కదా, అక్కడ చిన్న తిరకాసుంది. ముసలివాళ్లకి గుండె బలం తగ్గుతుంది, చెమట తగ్గుతుంది, దాహం తెలియదు. మీ 36 రోజుల కోడి ముసలిది కాదు, అసలు పెద్దది కూడా కాదు. పెద్ద ఒళ్లు ఉన్న పిల్ల అది. కండ పెరిగిన వేగంతో గుండె, ఊపిరితిత్తులు పెరగలేదు. బక్కవి బతకడానికి కారణం కూడా ఇదే, తక్కువ తిన్నాయి, తక్కువ వేడి పుట్టించాయి, వాటికి చుట్టూ ఖాళీ ఉంది.

ఒక్క మాట అడగాలి, ఆ రోజు దాణా ఎన్నింటికి తీశారు?


షెడ్డు_సిద్దిపేట

తీయలేదు డాక్టర్ గారూ. లిఫ్టింగ్‌కి రెండు రోజులే ఉంది కదా, నాలుగు గ్రాములు ఎక్కువ తూగుతాయని పదిన్నరకి ఇంకోసారి వేయించా. గరిటె లెక్క అర్థమైంది.


పశువైద్యం_కరీంనగర్

అనుమానపడ్డా. తిన్నది అరిగేటప్పుడు పుట్టే వేడి మూడు నాలుగు గంటల్లో పైకి వస్తుంది. పదిన్నరకి తిన్నది ఒంటిగంటన్నర నుంచి రెండున్నర లోపు. ఎండ, అరుగుదల, కరెంటు కోత మూడూ ఒకేచోట కలిశాయి. మే నెలలో పొద్దున తొమ్మిదిన్నరకల్లా దాణా గిన్నెలు పైకి కట్టేయాలి, మళ్లీ సాయంత్రం చల్లబడ్డాక దించాలి, రాత్రి లైటు వేసి తినిపించాలి. నీళ్లు మాత్రం చల్లగా, పగలంతా. ట్యాంకు ఎండలో ఉంటే ఆ నీళ్లు తాగవు.


హిందూపురం_మల్బరీ

కోళ్లు నాకు తెలియవు గానీ ఈ కథ నాకు బాగా తెలుసు, పట్టుపురుగులది అచ్చం ఇదే కథ. చాకీ పురుగులకి, అంటే గుడ్డు నుంచి వచ్చి రెండో జ్వరం దాకా, 27, 28 డిగ్రీలు ఉండాలి, తేమ 85, 90 శాతం ఉండాలి. (తెలియనివాళ్లకి: జ్వరం అంటే రోగం కాదు, పురుగు తినడం మానేసి తల పైకెత్తి కదలకుండా ఉండి పాత చర్మం వదిలేసే రోజు.) అదే నాలుగో జ్వరం నుంచి లేచాక 23, 24 చాలు, తేమ 70 లోపే ఉండాలి. చీమ తలకాయంత ఉన్నప్పుడు ముద్దు చేసి వెచ్చగా కప్పి ఉంచిన పురుగుకి, చిటికెన వేలంత అయ్యాక అదే వెచ్చదనం విషం.

చాకీ సెంటర్ నుంచి తెచ్చుకున్నప్పుడు ఎంత ఎండైనా టెన్షన్ ఉండదు. ఐదో దశలో మూడు నాలుగు రోజులు 35 దాటిందా, ఆకు వేస్తే కొరకవు, ఒళ్లు ఉబ్బి, తాకితే పాలలాంటి ద్రవం కారి వరసగా పోతాయి. బతికి చంద్రికలు (గూడు కట్టడానికి పెట్టే తట్టలు) ఎక్కినవి కూడా గూడు సన్నగా కడతాయి, మార్కెట్‌కి తీసుకెళ్తే వేలితో నొక్కి చూసి రేటు సగం చేస్తారు. మా ఇంట్లో షెడ్డు పైకప్పు మీద కొబ్బరాకులు పరిచి డ్రిప్పు పైపుతో తడుపుతాం, లోపల గోనెలు తడిపి కిటికీలకి వేలాడదీస్తాం. తేమ ఎక్కువైతే మళ్లీ అదో బాధ, అందుకే పొద్దున, సాయంత్రం తలుపులన్నీ తీసి గాలి ఆడిస్తాం.

ఇంకో సంగతి. విత్తనానికి పెట్టిన గూళ్లలో ప్యూపా ఉన్నప్పుడు ఎండ ఎక్కువైతే మగ సీతాకోకలు చూడ్డానికి బాగానే పుడతాయి, ఆడదానితో జత కూడా కడతాయి, గుడ్లు మాత్రం పగలవు. పురుగు చావలేదు, దాని వంశం చచ్చింది. రెండు రకాల గూళ్లు కలిపి చూస్తే మన నాటు రకంతో కలిపిన హైబ్రిడ్డు ఎండకి కాస్త ఆగుతుంది, తెల్ల గూడు కట్టే బైవోల్టైన్ రకం ఆగదు. పట్టు నాణ్యత మళ్లీ దానిదే బాగుంటుంది. అక్కడ పీకులాట.


చింతచెట్టు_నీడ

ఇవన్నీ ఫారం తెలివితేటల వల్ల వచ్చిన రోగాలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అన్న సామెత నిన్న మొన్న పుట్టిందా? ఎండలు మా తాతల నాడూ ఉన్నాయి. మా ఇంటి నాటుకోళ్లు మధ్యాహ్నం చెట్టు కింద మట్టిలో గుంత చేసుకుని రెక్కలు విప్పి పొర్లుతుంటాయి, ఒక్కటి పోయింది చూపించండి. ఊరికే వాతావరణ మార్పు అని ప్రతిదానికీ పేరు పెట్టేస్తున్నారు.


పశువైద్యం_కరీంనగర్

సగం ఒప్పుకుంటా. నాటుకోడి ఆరు నెలలకి కిలో, కిలోంపావు, దానికి నీడ వెతుక్కునే స్వేచ్ఛ ఉంది, పొట్ట కింద చల్లటి మట్టి ఉంది. ఐదు వారాల్లో రెండు కిలోలు ఎక్కించిన కోడిని దానితో పోల్చలేం. ఆ బరువు మనం పెంచినదే.

కానీ "ఎండలు అప్పుడూ ఉన్నాయి" అనేదాంట్లో రాత్రి సంగతి వదిలేశారు. పగలు 43 పూర్వమూ చూశాం. రాత్రి 26కి దిగితే పశువు పగటి వేడిని రాత్రి వదిలేసి మర్నాటికి ఖాళీ అవుతుంది. రాత్రి 30 దగ్గరే ఆగిపోతే నిన్నటి వేడి ఒంట్లో ఉండగానే ఇవాళ్టిది మొదలవుతుంది. అందుకే వడగాలి మొదటి రోజు కంటే మూడో రోజు, నాలుగో రోజు చావులు ఎక్కువ చూస్తాం. 2015 మే గుర్తుందా? మన రెండు రాష్ట్రాల్లో మనుషులే వందల్లో పోయారు, కోళ్ల లెక్క ఎవడు చూశాడు.


గంప_కింద_కోడి

చింతచెట్టు అన్నయ్యా, నాటుకోళ్లు పోవు, నిజమే. మరి మేలో పొదగేసిన గుడ్లు ఎన్ని పిల్లలయ్యాయో లెక్కపెట్టారా ఎప్పుడైనా? మా అత్తగారు పదమూడు గుడ్లు పెడితే సంక్రాంతప్పుడు పదకొండు, పన్నెండు పిల్లలు దిగుతాయి. ఎండాకాలం నాలుగు దిగితే గొప్ప. మిగతావి చెవి దగ్గర పెట్టి ఊపితే గుడగుడమంటాయి, పగలగొడితే ఇల్లంతా కంపు. ఉరుము ఉరిమితే గుడ్లు మురుగుతాయి అంటారు ఆవిడ. అది నిజమా ఉత్తదా తెలియదు, మేలో ఉరుములు కూడా ఉంటాయి కాబట్టి వాదించలేను.


పశువైద్యం_కరీంనగర్

అమ్మా, ఉరుముని వదిలేయండి, పాపం దానికేం తెలియదు. కోడి రోజుకొకటి పెడుతూ పోతే పదమూడు గుడ్లు చేరడానికి దాదాపు రెండు వారాలు. ఆ రెండు వారాలు గుడ్లు ఎక్కడ ఉన్నాయన్నదే అసలు విషయం. ఇరవై డిగ్రీల దగ్గర చల్లగా ఉంటే లోపలి పిండం నిద్రలో ఉంటుంది. 37 ముప్పావు దగ్గర, కోడి కింద, సవ్యంగా పెరుగుతుంది. మధ్యలో 33, 35 ఉందనుకోండి, నిద్రాపట్టదు, సరిగ్గా ఎదగనూ ఎదగదు, అరకొరగా మొదలుపెట్టి రాత్రి ఆగి మళ్లీ పగలు మొదలుపెట్టి చివరికి చచ్చిపోతుంది. మే నెలలో మన వంటింటి గంప సరిగ్గా ఆ 35లోనే ఉంటుంది. కుండని సగం దాకా తడి ఇసుకలో పాతి, పైన తడిగుడ్డ కప్పి అందులో దాచమనండి, వారం దాటిన గుడ్డు కూరకి వాడేసి తాజావే పొదగేయమనండి. తేడా ఆవిడే చెబుతారు.

చింతచెట్టు గారూ, మీ కోడి పోలేదు, సరే. మీ కోడికి మే నెలలో పిల్లలు దిగలేదు. ఎండ పని ఎండ చేసింది, మీకు శవం కనపడలేదు అంతే.


చింతచెట్టు_నీడ

హహ. ఆ లెక్క ఎప్పుడూ వేయలేదు నిజంగా. మా ఇంట్లోనూ ఎండాకాలం పొదగేయరు, ఆనవాయితీ అనుకున్నా.


భీమవరం_చెరువు

ఆలస్యంగా చూశా. వెన్నామీ రొయ్యకి కూడా మీ కోడి లెక్కే. పిల్ల వదిలినప్పుడు నీళ్లు 30 ఉంటే ఎగిరెగిరి తిని పెరుగుతాయి, ఐదు గ్రాముల లోపు రొయ్యకి 30 పైన ఉన్నా బాగా ఇష్టం. అదే పది పన్నెండు గ్రాములు దాటాక 27 దగ్గర మేత బాగా తీసుకుంటుంది. మా దగ్గర ఫిబ్రవరి, మార్చిలో పిల్ల వేస్తే మే నెలకి రొయ్య పెద్దదై ఉంటుంది, చెరువు 33, 34 అయి ఉంటుంది. సరిగ్గా అడ్డం తిరిగిన లెక్క.

నీళ్లలో ఇంకో బాధ, నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ పట్టవు. 25 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకి 8.2 మిల్లీగ్రాములు ఇముడుతుంది, 35కి పోతే 7 లోపే, ఉప్పు నీళ్లలో ఇంకా తక్కువ. రొయ్యకేమో వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ ఎక్కువ కావాలి. పైన తగ్గుతోంది, కింద ఖర్చు పెరుగుతోంది, మధ్యలో మేత మిగిలి కుళ్లి అది కూడా ఆక్సిజన్ తినేస్తుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) బాగా కిందకి పడిపోతుంది. టార్చి వేసుకుని గట్టు మీద తిరుగుతుంటే అంచుల్లో ఎర్రగా కళ్లు మెరుస్తాయి, అన్నీ ఒడ్డుకి వచ్చి పైపైన తిరుగుతున్నాయంటే అయిపోయినట్టే, ఏరియేటర్లన్నీ వేసి దేవుడికి దండం పెట్టడమే. అలా పైకి వచ్చినవాటిలో ముందు పెద్ద రొయ్యే, మా వాళ్లందరూ చూసిందే. 40 కౌంట్ (కిలోకి నలభై తూగే పెద్ద రొయ్య) పోయిన చెరువులోనే చిన్నవి దొరుకుతాయి.

అందుకే మేలో మేము చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) చూసి మధ్యాహ్నం మేత ఒకటి పూర్తిగా కోసేస్తాం. డాక్టర్ గారు దాణా తీసేయమన్నది చదివి నవ్వొచ్చింది, నీళ్లలోనూ అదే మందు.


పిండం_పీహెచ్‌డీ

నేను అమెరికాలో జంతువుల పునరుత్పత్తి మీద చదువుకుంటున్నా, ఊరు ఖమ్మం. ఈ థ్రెడ్ చూసి ఆగలేక రాస్తున్నా. సిద్దిపేట అన్న అడిగిన "అన్నిట్లోనూ పెద్దవే ముందు పోతాయా" అనేదానికి జవాబు కాదు అనే. పెద్దదా చిన్నదా అన్నది ఒక్కటే లెక్క కాదు, ఆ దశలో ఆ ఒంటికి ఏం పని పడింది, దాన్ని చల్లార్చుకునే ఏర్పాటు ఎంత వచ్చింది అన్నది చూడాలి.

చేపలు తీసుకోండి. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2020లో 694 రకాల చేపల లెక్కలు ఒకచోట చేర్చి చూశారు. మామూలుగా తిరిగే పెద్ద చేప బాగానే తట్టుకుంటుంది. గుడ్డులోని పిండం, గుడ్లు పెట్టడానికి సిద్ధమైన చేప, ఈ రెండే బాగా సుకుమారం. గుడ్డులో పిండానికి మొప్పలు ఇంకా రాలేదు, ఆక్సిజన్ కావాలంటే గుడ్డు పొర గుండా మెల్లగా ఊరి రావాల్సిందే. గుడ్లతో నిండిన తల్లికేమో తన ఒంటితో పాటు ఆ గుడ్ల సంచికీ ఆక్సిజన్ అందించాలి. వేడి ఎక్కువయ్యే దారిలోనే పోతే ఈ శతాబ్దం చివరికి 60 శాతం దాకా జాతులకి తాము గుడ్లు పెట్టే చోటే నీళ్లు వేడెక్కిపోతాయని, పెరుగుదల ఒకటిన్నర డిగ్రీ దగ్గర ఆపగలిగితే అది 10 శాతం దగ్గర ఆగుతుందని వాళ్ల అంచనా. ఇదంతా ఆక్సిజన్ వల్లేనా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో పెద్ద గొడవే ఉంది, కానీ ఆ రెండు దశలు సుకుమారం అన్నది లెక్కల్లో కనపడుతూనే ఉంది.

ఆవుల్లో ఇంకా చిత్రం. ఫ్లోరిడాలో 1990ల్లోనే చూశారు, సూడి కట్టిన మొదటి రోజు ఆవుకి వేడి తగిలితే పిండం బతకడం బాగా తగ్గింది, మూడో రోజు నుంచి తగిలిస్తే పెద్దగా తేడా రాలేదు. రెండు రోజుల తేడా! మొదటి రోజు పిండం ఇంకా తన జన్యువులు వాడుకోవడం మొదలుపెట్టదు, వేడికి పాడైన ప్రొటీన్లని బాగుచేసుకునే సరుకు దాని దగ్గర తయారు కాదు. కొన్ని రోజులకి అది నేర్చుకుంటుంది. కడుపులో ఉన్న ఎనిమిది నెలల దూడకి మళ్లీ ఇంకో బాధ. ఈనడానికి ముందు వట్టిపోయిన నెలన్నర రోజులు కొన్ని ఆవులకి ఫ్యాన్లు, నీటి తుంపర పెట్టి, కొన్నిటికి పెట్టకుండా చూశారు. పెట్టనివాటికి పుట్టిన దూడలు బరువు తక్కువ, అంతకన్నా ముఖ్యం, ఆ పెయ్య దూడలు పెరిగి మొదటి ఈతలో రోజుకి సుమారు 5 కిలోల పాలు తక్కువ ఇచ్చాయి. అవి పుట్టాక అన్నిటినీ ఒకేలా పెంచారు. అంటే ఇవాళ కడుపులో తగిలిన ఎండకి బిల్లు రెండేళ్ల తర్వాత పాలకేంద్రంలో కనపడుతుంది.

పట్టుపురుగు అన్న చెప్పిన మగవాటి సంగతి కూడా పెద్ద విషయమే. కుళ్లిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు ఉంటాయి కదా, వాటిలో 43 జాతుల మీద చూస్తే సగానికి దగ్గరగా జాతుల్లో మగ ఈగ చచ్చే వేడికంటే తక్కువ వేడికే సంతానం ఇచ్చే శక్తి పోగొట్టుకుంది. ఏ జాతి ఎక్కడ బతుకుతోంది అన్నది చూస్తే, చచ్చే వేడి కంటే ఈ గొడ్డుపోయే వేడితోనే ఎక్కువ సరిపోయింది. కాబట్టి ఎంత ఎండకి చస్తుంది అని మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతాం.


పశువైద్యం_కరీంనగర్

ఖమ్మం బాబూ, ఆ వట్టిపోయిన ఆవుల ముక్క ఇక్కడ పెద్ద అక్షరాలతో రాయాలి. మన గేదెలు ఎక్కువగా ఆగస్టు నుంచి చలికాలం దాకా ఈనతాయి, అంటే మే వచ్చేసరికి చాలావాటికి చూడి చివరి నెలలు మొదలవుతాయి. పాలిచ్చే గేదెకి ఫ్యాను, రోజుకి మూడుసార్లు నీళ్లు, పచ్చిగడ్డి. వట్టిపోయిన చూడి గేదెని ఎండకి తోలేస్తారు, "ఇప్పుడు పాలు లేవు కదా సార్" అంటారు. నల్లటి చర్మం, చెమట గ్రంథులు ఆవు కంటే తక్కువ, పొర్లడానికి చెరువులో నీళ్లు లేవు. కట్టనిది కూడా ఎండాకాలంలో మూగ ఎదకి వస్తుంది, అరవదు, తీగ వేయదు, రైతుకి తెలియదు, ఆ నెల పోతుంది. మాకు జూన్, జూలైలో "కట్టడం లేదు" అని వచ్చే గేదెల్లో చాలావరకు ఇదే.


విశాఖ_తీరం

కొంచెం పక్కకి పోతున్నా, తిట్టకండి. ఇక్కడ బీచ్‌లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి, అటవీశాఖ హేచరీల్లో వాటిని తీసి ఇసుకలో పాతిపెడతారు, మేం నలుగురం సాయానికి వెళ్తాం. చేత్తో గుంత తీసేటప్పుడు పైన ఇసుక కాలుతుంది, మోచేయి లోతుకి వెళ్తే వేళ్లకి చల్లగా తగులుతుంది. ఆ లోతులోనే పిల్ల మగదా ఆడదా తేలుతుంది. పొదిగే కాలం మధ్యలో ఇసుక సుమారు 29, 30 డిగ్రీలకి కింద ఉంటే మగవి ఎక్కువ, పైన ఉంటే ఆడవి ఎక్కువ, ఇంకా పైకి పోతే గుడ్డులోనే చచ్చిపోతాయి. పెద్ద తాబేలుకి ఈ బాధ లేదు, సముద్రంలో చల్లగా ఉన్న చోటుకి ఈదుకుంటూ పోతుంది. గుడ్డుకి కాళ్లు లేవు కదా.

ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తరం వైపు పచ్చ తాబేళ్ల మీద 2018లో వచ్చిన లెక్క చూస్తే దిమ్మ తిరుగుతుంది. పెద్ద తాబేళ్లలో ఆడవి 87 శాతం, పిల్ల తాబేళ్లలో 99 పైనే. ఏ వయసు తాబేలు ఏ ఏళ్ల ఇసుకలో పుట్టిందో అక్కడే రాసి పెట్టినట్టుంది. మేం మా హేచరీ మీద పాత చీరలు, కొబ్బరాకులతో నీడ కడతాం. హిందూపురం అన్న కొబ్బరాకులు, మావీ కొబ్బరాకులే.


షెడ్డు_సిద్దిపేట

అన్నలూ, అక్కా, డాక్టర్ గారూ, అందరికీ దండాలు. చదివాక మా బావమరిదితో కూర్చుని కాగితం మీద లెక్క వేశా. ఏప్రిల్ పదిహేనుకి పిల్లలు దింపితే పెద్ద బరువు మే మూడో వారానికి పడుతుంది, పోయినసారి చేసిన తప్పు అదే. మే మొదటి వారం దాటాక దింపితే మండే ఎండల్లో అవి పిల్లలుగా ఉంటాయి, బరువెక్కేసరికి మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడతాయి. తేదీ మన చేతిలో లేదు, కంపెనీ షెడ్యూలు, అయినా అడిగి చూస్తా. ఇవ్వకపోతే ఆ ఒక్క బ్యాచ్ ఖాళీ. వేసినా ఐదు వేలకి బదులు నాలుగు వేలే.

ఒక డౌటు డాక్టర్ గారూ. చిన్నప్పుడే కావాలని కాస్త ఎక్కువ వేడి చూపిస్తే పెద్దయ్యాక తట్టుకుంటాయని ఎవరో అన్నారు. నిజమేనా? నిజమైతే నాలుగో రోజు బల్బులు ఇంకో నాలుగు ఎక్కువ వేసేస్తా.


పశువైద్యం_కరీంనగర్

నిజమే, ఉత్త మాట కాదు. ఇజ్రాయెల్‌లో దీని మీద చాలా పని జరిగింది. మూడు నుంచి ఐదు రోజుల వయసులో ఒక రోజు పాటు 36, 37 డిగ్రీల్లో ఉంచితే మెదడులో వేడిని అదుపుచేసే చోటు అప్పుడే కుదురుకుంటుంది కాబట్టి ఆ అలవాటు ఉండిపోయి, ఆరో వారంలో వడగాలికి చావులు తగ్గాయి. గుడ్డులో ఉండగానే చేసే పద్ధతులు కూడా ఉన్నాయి, అది హేచరీ వాళ్ల పని. కానీ అక్కడ గది వేడి అర డిగ్రీ తేడా లేకుండా పట్టి ఉంచే యంత్రాలున్నాయి. మీ షెడ్డులో ఒక మూల 34, ఒక మూల 41 ఉంటుంది. నాలుగు బల్బులు ఎక్కువ వేసి పడుకుంటే పొద్దునకి మళ్లీ సున్నం బస్తా వెతుక్కోవాలి.

ముందు జనరేటర్ బాగు చేయించండి. బ్యాటరీ మార్చి, వారానికోసారి లోడు మీద పది నిమిషాలు నడపండి. మే ఒకటికి ముందు నాకు ఫోటో పెట్టండి.


షెడ్డు_సిద్దిపేట

బ్యాటరీ నిన్ననే మార్చా సార్. పెడతా.